పరభాషా పఠనం

ఇంటర్మీడియట్ ఆంగ్ల ప్రశ్నపత్రంలో ఒక గద్యఖండికను ఇచ్చి, దాని కింద కొన్ని ప్రశ్నలు అడగడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. విద్యార్థి ఆ ఖండికను చదివి ఎంతవరకు గ్రహించాడో తెలుసుకోవడం దాని ఉద్దేశం. పెన్నానది ఒడ్డున సేద్యం చేసుకొనే ఒక రైతు కథ ఆ ఖండికలో ఉందనుకుందాం. "దట్ ఇయర్ ఇట్ హార్డ్లీ రెయిన్డ్, సో ది ఫార్మర్ సోల్డ్ హిజ్ బుల్లక్స్" అన్నది అందులోని వాక్యం. రైతు ఎద్దులను ఎందుకు అమ్ముకొన్నాడన్నది ప్రశ్న. విద్యార్థి ప్రశ్నలోని 'బుల్లక్స్' అనే మాటను ఖండికలో వెదుకుతాడు. అది కనిపించిన వాక్యాన్ని పట్టుకొని, దాని ముందుభాగాన్ని ఉన్నదున్నట్లు జవాబుగా ఎత్తి రాస్తాడు. జవాబు సరైనదే. మార్కులు పూర్తిగా వస్తాయి.

ఆ విద్యార్థిని పిలిచి, ఆ ఏడు ఏం జరిగిందో తెలుగులో చెప్పమంటే మాత్రం చిత్రమైన విషయం బయటపడుతుంది. 'హార్డ్' అంటే గట్టి, కఠినం అని అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. కాబట్టి 'హార్డ్లీ రెయిన్డ్' అంటే వాన గట్టిగా కురిసిందని అతని తాత్పర్యం. నిజానికి ఆ మాటకు అర్థం వాన కురిసీ కురవనట్లు ఉన్నదని, కురవలేదన్నా తప్పులేదని. కరవువల్ల ఎద్దులను అమ్ముకొన్న రైతును అతడు వరదలో చూశాడు. కరవంటే ఏమిటో కడప జిల్లా బిడ్డకు వేరొకరు చెప్పనవసరం లేదు. మేత లేక పశువులను సంతకు తోలడం అతని ఇంటిలోనే జరిగి ఉండవచ్చు. తన ఇంటి కథే కళ్లముందు అచ్చులో ఉన్నా అతడు దానిని గుర్తించలేకపోయాడు. పైగా పూర్తి మార్కులు రావడంవల్ల తాను గుర్తించలేదన్న సంగతి కూడా అతనికి తెలియలేదు. ఆంగ్ల పఠనంలో మన విద్యార్థులకు కలుగుతున్న నష్టాలలో ఇదే పెద్దది. తెలియనివాడు అడిగి తెలుసుకొంటాడు. తెలిసిందనుకొన్నవాడు అడగడు.

ఇక్కడ తెలుగు చదువుకొన్న విద్యార్థికి ఒక ఆయుధం ఉంది. దానిని ఆంగ్ల తరగతిలో వాడవచ్చునని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. మన పూర్వులు వాక్యార్థం కలగడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ కావాలన్నారు. ఒక మాట మరొక మాటను కోరడం ఆకాంక్ష. ఆ మాటల అర్థాలు ఒకదానితో ఒకటి పొసగడం యోగ్యత. అవి దగ్గర దగ్గరగా ఉండడం సన్నిధి. నిప్పుతో తడుపుతున్నాడు అనే వాక్యంలో వ్యాకరణదోషం ఏదీ లేదు, కాని నిప్పు తడపదు. అందుచేత దానికి యోగ్యత లేదంటారు. వాన గట్టిగా కురిసింది, కాబట్టి రైతు ఎద్దులను అమ్ముకొన్నాడు అనే తాత్పర్యానికి పులివెందుల ప్రాంతంలో ఏపాటి యోగ్యత ఉంది? మంచి వాన పడిన ఏడు ఎద్దులను అమ్మేవాడెవడు? ఈ ప్రశ్న వేసుకొన్న మరుక్షణం విద్యార్థికి అనుమానం కలుగుతుంది, అనుమానం కలిగితే నిఘంటువు తెరుస్తాడు. గ్రహించి చదవడం అంటే తనకు తోచిన అర్థాన్ని తానే ఒకసారి అనుమానించడం. తర్కశాస్త్రం చదివిన పండితులకే పరిమితమైన విద్య కాదిది.

విద్యార్థులకు ఆంగ్ల పదాలు తెలియవనే ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది. ఇది సగమే నిజం. ప్రొద్దుటూరు బజారులో బంగారు అంగళ్లు, బట్టల అంగళ్లు ఉన్న వీధిలో ఒక్కసారి నడిస్తే ఎన్ని ఆంగ్లపదాలు చెవినపడతాయో లెక్కపెట్టలేము. అయితే ఆ పదాలు తెలుగులోకి వచ్చి తెలుగు బుద్ధులు నేర్చుకొన్నాయి. మనకు 'కవరు' అంటే సరకులు వేసి ఇచ్చే సంచి. ఆంగ్ల పుస్తకంలో ఆ మాట కనిపిస్తే అది కప్పడం కావచ్చు, పుస్తకపు అట్ట కావచ్చు. మనకు 'కరెంటు' అంటే విద్యుత్తు. ఆంగ్లంలో అది నదీప్రవాహమూ అవుతుంది, ప్రస్తుతకాలానికి విశేషణమూ అవుతుంది. 'కటింగు' మనకు క్షురకర్మ. 'ఫీలయ్యాడు' అంటే మనసు నొచ్చుకొన్నాడని. ఆంగ్లంలో 'ఫెల్ట్' అంటే సంతోషమూ కావచ్చు, చలీ కావచ్చు, గుడ్డను చేత్తో తాకిచూడడమూ కావచ్చు. తరగతిలో చేయి ఎత్తి 'డౌటు' ఉందనే విద్యార్థికి నిజానికి ఉన్నది సందేహం కాదు, ప్రశ్న. ఇవి తెలిసిన మాటలలాగా కనిపించి తోవ తప్పిస్తాయి. పూర్తిగా తెలియని పెద్దమాటకంటె సగం తెలిసిన ఇటువంటి చిన్నమాటవల్లనే ప్రమాదం ఎక్కువ.

అన్నిటికంటె చిన్నమాటలను విద్యార్థులు అసలు మాటలుగానే లెక్కించరు. 'ఎ ఫ్యూ కేమ్' అంటే కొందరు వచ్చారు. 'ఫ్యూ కేమ్' అంటే వచ్చినవారు లేరన్నంత తక్కువ. ఒక్క అక్షరం అర్థాన్ని తారుమారు చేసింది. తెలుగువానికి ఇది వింత కాకూడదు. 'రాముడే వచ్చాడు', 'రాముడూ వచ్చాడు', 'రాముడైనా వచ్చాడు' అనే మూడు వాక్యాలలో మారింది ఒక్క చేర్పు మాత్రమే. కాని మూడింటిలోనూ ఆ ఇంటికి రానివారి సంగతి మూడు విధాలుగా ఉంది. మన భాషలో ఏకారానికి, ఊకారానికి ఉన్న బలం తెలిసినవాడు ఆంగ్లంలోని 'ఓన్లీ', 'ఈవెన్', 'అన్‌లెస్', 'దో' వంటి మాటలను దాటవేయడు. పరీక్షకోసం అరుదైన పదాల జాబితాలు కంఠస్థం చేసేవారు ఈ చిన్నమాటలను జాబితాలో ఎక్కడా చూడరు.

పదాల తరువాత చెప్పుకోవలసింది వాక్యం. తెలుగులో విశేషణం ముందు, విశేష్యం తరువాత. క్రియ చివర. 'నిన్న జమ్మలమడుగు నుంచి వచ్చిన కుర్రవాడు' అనే మాటలో కుర్రవాడు ఎవరో, ఎక్కడినుంచి వచ్చాడో అంతా చెప్పిన తరువాతనే కుర్రవాడు కనిపిస్తాడు. ఆంగ్లంలో కుర్రవాడే ముందు వస్తాడు. ఆయన వివరాలన్నీ 'హూ' అనే మాట పట్టుకొని వెనుక నడుస్తాయి. ఈ వెనుకనడక పొడవైనప్పుడు మన విద్యార్థి దారి తప్పుతాడు. "ది కాటన్ దట్ ది ఫార్మర్స్ బ్రింగ్ టు ప్రొద్దుటూర్ ఈజ్ సోల్డ్ బై వెయిట్" అనే వాక్యంలో 'బ్రింగ్' కనిపించగానే క్రియ దొరికిందని అతడు సంతోషిస్తాడు. రైతులు ప్రొద్దుటూరికి పత్తి తెస్తారు అని అర్థం చెప్పుకొని, మిగిలిన నాలుగు మాటలను ఏం చేయాలో తెలియక వదిలేస్తాడు. వాక్యం చెప్పదలచింది పత్తిని తూకం వేసి అమ్ముతారని. తేవడం అందులో ఒక విశేషణం మాత్రమే.

దీనికి మందు మన పద్యపాఠంలోనే ఉంది. పద్యానికి అర్థం చెప్పడంలో దండాన్వయమని, ఖండాన్వయమని రెండు పద్ధతులు ఉన్నాయి. మాటలన్నిటినీ వచనక్రమంలో పేర్చుకొంటూ పోవడం దండాన్వయం. ముందుగా ప్రధానక్రియను పట్టుకొని, ఎవరు, దేనిని, ఎట్లా, ఎప్పుడు అని ప్రశ్నలు వేస్తూ మిగిలిన పదాలను ఒక్కొక్కటిగా దానికి కట్టడం ఖండాన్వయం. పొడవైన ఆంగ్లవాక్యానికి ఖండాన్వయమే తగిన సాధనం. 'ఈజ్ సోల్డ్' అన్నది ప్రధానక్రియ. ఏది అమ్ముడవుతుంది? పత్తి. ఏ పత్తి? రైతులు తెచ్చేది. ఎక్కడికి తెచ్చేది? ప్రొద్దుటూరికి. ఎట్లా అమ్ముడవుతుంది? తూకం మీద. నాలుగు ప్రశ్నలతో వాక్యం విడిపోయింది. ప్రబంధపద్యానికి ప్రతిపదార్థం రాయగలిగిన విద్యార్థి ఆంగ్ల వార్తాపత్రికలోని వాక్యం ముందు చేతులు కట్టుకొని నిలబడడం అతని అసమర్థత కాదు. తెలుగు తరగతిలో నేర్చినదానిని ఆ తరగతి గోడలు దాటనీయకపోవడం మన బోధనలోని లోపం.

పదజాలాన్ని కంఠస్థం చేయడం వ్యర్థమని కొందరు ఆధునికుల అభిప్రాయం. ఇది తొందరపాటు తీర్పు. మన సంప్రదాయ విద్యలో బాలుడు శబ్దమంజరి, అమరకోశం వల్లెవేసిన తరువాతనే కావ్యపాఠంలో అడుగుపెట్టేవాడు. అమరకోశం కంఠస్థం చేయవలసిన గ్రంథమే. అయితే రెండు విషయాలు గమనించాలి. అమరసింహుడు పదాలను అకారాదిక్రమంలో కాక, అర్థాన్ని బట్టి వర్గాలుగా కూర్చాడు. స్వర్గం, పాతాళం, భూమి, పురం, శైలం, వనౌషధులు అన్నట్లుగా ఒకచోట బతికే మాటలు ఒకచోటనే ఉంటాయి. రెండవది, అమరం వల్లించిన బాలుడికి వెంటనే రఘువంశ పాఠం మొదలయ్యేది. నిన్న వల్లించిన మాట నేడు శ్లోకంలో ఎదురయ్యేది, ఎదురైనప్పుడు అది వాక్యంలో ఒక పని చేస్తూ కనిపించేది. నేటి పదజాబితాలకు ఈ రెండవ అంగం లేదు. వంద మాటలు కంఠస్థం చేసినవాడు ఆ వందలో పదిమాటలైనా కలిగిన ఒక కథను ఆ వారంలో చదవడు. అమరం మిగిలింది, రఘువంశం పోయింది.

మరచిపోవడం కూడా ఒక నియమం ప్రకారమే జరుగుతుంది. జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాలను తానే వల్లించి, తానే మరచిపోతూ లెక్కలు కట్టి 1885లో తన ఫలితాలను ప్రకటించాడు. నేర్చిన తొలి గంటలలో, తొలి రోజులలో మరపు వేగంగా సాగుతుందని, ఆ తరువాత నెమ్మదిస్తుందని, వల్లింపును ఒకేరోజున కుప్పగా చేయడంకంటె రోజుల మీద పంచుకొంటే తక్కువ శ్రమతో నిలుస్తుందని ఆయన చూపాడు. సంత చెప్పుకొన్న పాఠాన్ని మరునాడు, ఆ తరువాత మళ్లీ ఆవృత్తి చేయించే గురువులకు ఈ లెక్కలు తెలియవు. పద్ధతి మాత్రం తెలుసు. పరీక్షకు ముందురోజు రాత్రి రెండువందల మాటలు మింగే విద్యార్థికి రెండూ తెలియవు.

పరభాషను చదివి నేర్చుకోవడం ఎట్లాగో చూడదలచినవారు కడప జిల్లా దాటి పోనవసరం లేదు. కడప నగరంలో ఎర్రముక్కపల్లె వద్ద సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో, దాతల సహకారంతో బ్రౌన్ నివసించిన తావున అది వెలిసింది. ఇప్పుడది యోగివేమన విశ్వవిద్యాలయంలో భాగం. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. 1817లో ఉద్యోగార్థం మద్రాసు చేరి, వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అక్షరాలు దిద్దాడు. 1820లో కడపకు కలెక్టరు సహాయకుడిగా వచ్చాడు. పాలనాభాషగా కచ్చేరిలో తెలుగు వినక తప్పదు, మాట్లాడక తప్పదు. కాని వినడం, మాట్లాడడంతో ఆయన తృప్తిపడలేదు. చదవాలనుకొన్నాడు. అప్పుడు కనిపించింది అసలు కష్టం. అచ్చుపుస్తకాలు దాదాపు లేవు. తాళపత్రాలలో పాఠాలు తప్పులతడకలు. ఉన్న నిఘంటువులు కావ్యం చదవడానికి చాలవు.

బ్రౌన్ చేసిన ఎంపికలో పరభాషా విద్యార్థికి గొప్ప పాఠం ఉంది. ఆయన ప్రబంధాలతో మొదలుపెట్టలేదు. వేమన పద్యాలను పట్టుకొన్నాడు. చిన్న పద్యం, జనం నోట నలిగిన మాటలు, ఒక్కొక్క పద్యంలో ఒక్కొక్క భావం. వాటిని సేకరించి, పాఠాలు సరిచూసి, ఆంగ్లానువాదంతో 1829లో అచ్చువేయించాడు. ఆ తరువాతనే పెద్ద కావ్యాల వైపు వెళ్లాడు. అందుకోసం కడపలో బంగళా, తోట కొని, పండితులను, లేఖకులను జీతాలకు పెట్టుకొన్నాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి అక్కడి పనిని పర్యవేక్షించాడు. మనుచరిత్ర, వసుచరిత్రలకు జూలూరి అప్పయ్య శాస్త్రి చేత వ్యాఖ్యానాలు రాయించాడు. వ్యాఖ్యానం లేనిదే ప్రబంధం చదవలేనని ఒప్పుకోవడానికి ఆ దొర సిగ్గుపడలేదు. తనకంటె ఎక్కువ తెలిసినవానిని పక్కన కూర్చోబెట్టుకొని చదవడం విద్యార్థికి తగిన పనే.

1852లో వెలువడిన ఆయన తెలుగు-ఆంగ్ల నిఘంటువును ఈనాటికీ జనం తెరుస్తున్నారంటే అందుకు కారణం పదాల సంఖ్య ఒక్కటే కాదు. అనేక పదాల పక్కన ఆ పదం ఏ కావ్యంలో, ఏ పలుకుబడిలో ఎట్లా వాడబడిందో చూపించాడు. వాడుకలోని మాటలను నీచమని తోసిపుచ్చలేదు. జాబుల భాష, కచ్చేరి భాష, కథల భాష కూడా నేర్వదగినవేనని భావించి తెలుగు వాచకాన్ని కూర్చాడు. ఒక పదాన్ని నోటుపుస్తకంలో రాసుకొని, పక్కన గీత గీసి, ఒక్క తెలుగుమాట రాసి తృప్తిపడే విద్యార్థి బ్రౌన్ నిఘంటువులో ఒక పుట తిరగవేస్తే చాలు. పదాన్ని దాని వాక్యంతో సహా రాసుకోవాలని తనకే తోస్తుంది. 'హార్డ్లీ - అరుదుగా' అని రాసుకొన్నవాడికంటె, వాన కురవని ఆ రైతు వాక్యాన్ని పూర్తిగా రాసుకొన్నవాడికి ఆ మాట ఎక్కువకాలం ఉంటుంది.

ఒక మాటకు ఒక్క మాటే సమానార్థకమని నమ్మడం ఎంత పొరపాటో జమ్మలమడుగు చెబుతుంది. లండన్ మిషనరీ సొసైటీవారు అక్కడ నెలకొల్పిన క్యాంప్‌బెల్ ఆస్పత్రి ఆ ప్రాంతంలో చాలాకాలంగా ప్రసిద్ధం. సముద్రాలు దాటివచ్చిన వైద్యునికి పల్లెనుంచి వచ్చిన రోగి తన బాధ చెప్పుకొనే దృశ్యం ఊహించుకోవచ్చు. తెలుగులో బాధ ఒక్కటే నొప్పి కాదు. పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు, మంట వేరు, గుంజడం వేరు. తలకు పోటు వస్తుంది. చీముపట్టిన వేలు సలుపుతుంది. జ్వరం తగ్గినవానికి కాళ్లు తీపులు తీస్తాయి. వీటన్నిటికీ 'పెయిన్' అని ఒకే మాట రాసుకొన్న వైద్యుడు రోగాన్ని పోల్చుకోవడంలో పొరబడవచ్చు. దీనికి ఎదురుగా ఆంగ్లంలో 'ఏక్', 'సోర్', 'త్రాబ్', 'స్టింగ్' ఉన్నాయి. వాటన్నిటికీ 'నొప్పి' అని రాసుకొన్న విద్యార్థిదీ అదే పొరపాటు. ఇద్దరిలో వైద్యుని పొరపాటువల్ల కలిగే నష్టం కంటికి కనిపిస్తుంది, అంతే తేడా.

ఈ సంగతిని ఎంతో లోతుగా ఆలోచించిన తెలుగువారిలో ఒకరు పులివెందుల ప్రాంతంలోనే పుట్టారు. రారాగా ప్రసిద్ధుడైన రాచమల్లు రామచంద్రారెడ్డి స్వగ్రామం పైడిపాలెం. తెలుగు విమర్శలో నిర్మొహమాటానికి ఆయన పేరే గుర్తుగా నిలిచింది. మాస్కోలో అనువాదకుడిగా పనిచేసి, ఆంగ్లం నుంచి తెలుగులోకి పుస్తకాలు తెచ్చాడు. ఆయన రచించిన 'అనువాద సమస్యలు' అనే గ్రంథానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పదానికి పదం పేర్చడం అనువాదం కాదని, మూలవాక్యంలోని భావం తెలుగు నుడికారంలో పలకాలని ఆ గ్రంథంలోని ప్రధానమైన పట్టు. అది అనువాదకులకోసం రాసిన పుస్తకమైనా ఆంగ్లం చదివే ప్రతి విద్యార్థికీ పనికివస్తుంది. చదివిన వాక్యాన్ని సహజమైన తెలుగులో, ఇంట్లో తల్లికి చెప్పినట్లు చెప్పగలిగితే అది అర్థమైనట్లు. తెలుగులో చెప్పినది తనకే ఎబ్బెట్టుగా ఉంటే ఎక్కడో అర్థం జారిపోయినట్లు. ఇంతకంటె చౌకైన పరీక్ష మరొకటి లేదు.

ప్రొద్దుటూరు పేరు చెప్పగానే సాహిత్యాభిమానులకు పుట్టపర్తి నారాయణాచార్యులు గుర్తుకు వస్తారు. శివతాండవ కావ్యం పుట్టింది ఆ ఊరిలోనే. సంస్కృతాంధ్రాలతో పాటు అనేక భారతీయ భాషలలో పాండిత్యం గడించిన ఆయన ఆంగ్ల సాహిత్యాన్ని పెనుకొండలో సబ్‌కలెక్టరు భార్య అయిన పిట్ దొరసాని వద్ద చదువుకొన్నాడు. షేక్స్పియర్ నాటకాలు ఆ విధంగా ఆయనకు పరిచయమయ్యాయి. తరువాత ఆయన ఆంగ్లంలో పద్యాలు కూడా రాశాడు. ఈ కథను ఆయన మేధావి కాబట్టి అనే ఒక్కమాటతో ముగించడం సులభం. కాని అందులో మేధతో సంబంధం లేని భాగం ఒకటి ఉంది. ఆ బాలుడికి ఆంగ్లం పరీక్షాంశంగా కాక, ఒక మనిషి ఇష్టపడి వినిపించిన సాహిత్యంగా ఎదురయింది. పరీక్షాపత్రంలోని ఖండికను మరొకసారి చదవాలని ఏ విద్యార్థికీ అనిపించదు. నాటకం అట్లా కాదు.

ఎంత కష్టమైన పుస్తకం చదవాలన్నది తరువాతి ప్రశ్న. ఆంగ్లేయుడైన మైకేల్ వెస్ట్ ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేస్తూ బెంగాలీ పిల్లల ఆంగ్ల పఠనాన్ని పరిశీలించాడు. వాచకాలలో అరుదైన మాటలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడడమే పిల్లలు చదవలేకపోవడానికి కారణమని గ్రహించి, తక్కువ మాటలతో కథలు తిరగరాసి వాచకాలు తయారుచేశాడు. ఆయన సంకలించి 1953లో ప్రకటించిన సాధారణ పదాల పట్టికలో దాదాపు 2000 మూలపదాలు ఉన్నాయి. మామూలు రచనలలో ఎక్కువభాగం ఈ పదాలే మళ్లీ మళ్లీ వస్తాయి. న్యూజిలాండ్ భాషావేత్త పాల్ నేషన్ 2006లో వేసిన లెక్క ప్రకారం, ఇతరుల సహాయం లేకుండా నవలలు, వార్తాపత్రికలు చదవాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలి. అందుకు 8000 నుంచి 9000 పదకుటుంబాలు కావాలి. రెండువేల మెట్టుకు, ఎనిమిదివేల మెట్టుకు నడుమ ఉన్న దూరాన్ని కంఠస్థంతో దాటడం కష్టం. చదువుతూ పోతేనే అది తరుగుతుంది.

నూటికి రెండు అనే ఈ కొలత విద్యార్థికి చాలా ఉపయోగకరం. మూడువందల మాటలున్న పుటలో తెలియనివి ఆరుకు మించకపోతే ఆ పుస్తకాన్ని ఒంటరిగా చదువుకోవచ్చు. ముప్పై ఉంటే అది ఒంటరిగా చదివే పుస్తకం కాదు, గురుముఖతః చదవవలసినది. పదో తరగతిదాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్మీడియట్‌లో హఠాత్తుగా ఆంగ్లంలో భౌతికశాస్త్రం తెరిచిన విద్యార్థికి ఎదురయ్యేది ఆ ముప్పై మాటల పుట. వేంపల్లె మండలంలోని ఇడుపులపాయలో 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణానికి గ్రామీణ ప్రాంతాల ప్రతిభావంతులు పదో తరగతి మార్కులతో వస్తారు. తెలుగు మాధ్యమం నుంచి అక్కడ చేరిన పిల్లలు ఒక్క వేసవి సెలవుల ఎడంలో ఈ మార్పును ఎదుర్కొన్నారు. నిన్నటిదాకా తన పాఠశాలలో మొదటివాడు, నేడు పుస్తకం తెరిస్తే ఏమీ తెలియనివాడు. ఈ స్థితిలో తనకు తెలివి తక్కువని విద్యార్థి అనుకోవడం సహజం. అది తప్పు. అతనికి తెలియనిది శాస్త్రం కాదు, శాస్త్రం రాసిన భాష. ఈ రెంటినీ వేరుచేసి చెప్పే అధ్యాపకుడు మొదటి నెలలో దొరకకపోతే అతడు అర్థంలేని పుటలను కంఠస్థం చేయడం మొదలుపెడతాడు. ఒకసారి ఆ అలవాటు పడితే మానడం కష్టం.

ఆంధ్రప్రదేశ్ పాఠశాలల్లో 2020-21 విద్యాసంవత్సరం నుంచి ఒకవైపు తెలుగు, ఎదుటివైపు ఆంగ్లం ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. బోధనామాధ్యమం మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, రెండు భాషలు ఎదురెదురుగా ఉండడం మంచి ఏర్పాటు. కాని దానిని వాడే తీరును బట్టే ఫలితం. ఆంగ్లపుటను ముందు చదివి, తనకు తోచిన తాత్పర్యం చెప్పుకొని, తరువాత తెలుగుపుటతో సరిచూసుకొన్నవానికి అది అప్పయ్య శాస్త్రి వ్యాఖ్యానం వంటిది. తెలుగుపుటనే చదివి పుస్తకం మూసినవానికి ఎదుటిపుట ఖాళీ కాగితంతో సమానం. చేతిలోని ఫోను విషయం కూడా ఇంతే. ఇప్పుడు పుటను ఫొటో తీస్తే క్షణంలో తెలుగు ప్రత్యక్షమవుతుంది. పద్యం చదవకుండానే టీక చదివే అలవాటు పూర్వమూ ఉంది. పండితులు దానిని ఇష్టపడలేదు, కాని టీకలను కాల్చివేయనూ లేదు. టీక ఎప్పుడు తెరవాలో చెప్పారు.

వాక్యాన్నిబట్టి అర్థం ఊహించమని, ప్రతిమాటకూ నిఘంటువు చూడవద్దని నేటి బోధకులు సలహా ఇస్తారు. సలహా మంచిదే, కాని సగమే. ఊహించినది సరిచూసుకోకపోతే ఊహ నమ్మకంగా మారుతుంది. 'హార్డ్లీ' కథలో జరిగింది అదే. పుట పూర్తయ్యేదాకా ఆగి, ఊహించిన మాటల కింద సన్నని గీత గీసి, చివర వాటిలో రెండు మూడింటినైనా శంకరనారాయణ నిఘంటువులోనో, ఫోనులోనో చూసుకోవడం మేలు. ఊహ తప్పిన మాటే బాగా గుర్తుంటుంది. తప్పినందుకు కలిగిన చిన్న సిగ్గు ఆ మాటను పట్టి ఉంచుతుంది.

ఇవన్నీ చేయడానికి రోజుకు ఒక పుట చాలు. ఆ పుట పాఠ్యపుస్తకంలోనిదే కానక్కరలేదు. శాఖా గ్రంథాలయానికి వెళితే తెలుగు పత్రికల చుట్టూ చదువరులు కూర్చొని ఉంటారు. ఆంగ్ల దినపత్రిక మాత్రం చాలాచోట్ల మడత నలగకుండా ఉంటుంది. అందులో వర్షపాతం గురించి, వేరుసెనగ ధర గురించి, గండికోటకు వచ్చే యాత్రికుల గురించి కడప జిల్లా వార్త ఎప్పుడో ఒకప్పుడు కనిపిస్తుంది. సంగతి ముందే తెలిసిన వార్త కాబట్టి యోగ్యతను సరిచూసుకోవడం సులభం. ఉదయం తెలుగు పత్రికలో చదివిన సంగతినే సాయంత్రం ఆంగ్లంలో చదివే విద్యార్థి, వాన కురిసిందో కురవలేదో పొరబడడు. పొరబడినా, బయటకు వచ్చి ఆకాశం వైపు చూసి దిద్దుకొంటాడు.